నా వేళ్ళకు తెలుసు

మెట్ల కింద గది,
మార్చి 4

బడాయమ్మకు మామయ్య రాసేది.

ముందుగా నా చేతిరాతను క్షమించాలి. తప్పులు కూడా చాలా ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేసినవాడిని, అందులోనూ సగం రోజులు మాస్టారే వచ్చేవాడు కాదు. అర్థం కాని చోట నీకు తోచినట్టు సరిచేసుకుని చదువుకో.

ఫోనులో ఏమడిగినా ఊఁ అనడం తప్ప ఇంకేమీ చెప్పనని విసుక్కుని ఉత్తరం రాయమన్నావు. ఫోను చెవిన పెట్టుకుంటే ఎవరో వెనకాల నిలబడి వింటున్నట్టు ఉంటుంది నాకు. నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను.

జనవరిలో నువ్వు వచ్చి పెట్టించిన కొత్త టబ్బు బాగానే ఉంది. జిడ్డు తీసే గాలిమందు డ్రమ్ములు ఏడూ మీ ఆఫీసు లారీ ఎక్కిన దగ్గర్నుంచి షెడ్డులో ఆ వాసన లేదు. తలుపు బందులు ప్రెస్సులోంచి నూనె కారుతూ వస్తాయి కదా, వాటిని నీ సబ్బునీళ్ళలో ముంచి తీసి పూత మేస్త్రికి ఇస్తున్నాను. ఫిబ్రవరి మొదట్లో రెండు పెట్టెలు వెనక్కి వచ్చాయి, పూత పొక్కులు లేచిందని. ఇప్పుడు రావటం లేదు. మొన్న ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ మేనకోడలు గట్టిదే పెద్దాయనా" అన్నాడు. నీకు చెప్పమని కాదు, ఊరికే అన్నాడు.

సరుకు ఏరే అమ్మాయికి మాత్రం తలనొప్పి తగ్గలేదు. ఎండలు ముదురుతున్నాయి కదా, అందువల్లే అయ్యుంటుంది.

ఇంకేం రాయాలో తెలియటం లేదు. వేళకు తిను.

మీ మామయ్య


ఆఫీసు, రెండో అంతస్తు, కిటికీ లేని వైపు బల్ల,
మార్చి 15

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. చదవడానికి ఒక పూట పట్టింది. పక్క బల్ల ఆయన తొంగిచూసి, "ఏంటమ్మా ఇది, కాకి సిరాబుడ్డిలో పడి లేచి కాగితం మీద నడిచిందా?" అన్నాడు. మా మామయ్య దస్తూరీ అని గట్టిగా చెప్పాను. నా వేళ్ళు పట్టుకుని పలక మీద దిద్దించినవాడు ఈయనే అని కూడా చెప్పాను. అప్పుడు నీ అక్షరాలు ఇంత వంకరగా ఉండేవి కావు మామయ్యా. ఇప్పుడు ఒక్కో వరుస మెట్లు దిగినట్టు దిగుతోంది. కళ్ళజోడు మార్చుకో.

నువ్వు రాసిన మంచి కబురు నేను పదిసార్లు చదువుకున్నాను. నా పని సంగతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నేను వెళ్ళేవన్నీ పదిమంది, పదిహేనుమంది పనిచేసే షెడ్లు. పెద్ద ఫ్యాక్టరీలకు సలహాలు చెప్పేవాళ్ళు బోలెడు. వీళ్ళకు ఎవరూ లేరు. డ్రమ్ము మీద పుర్రె బొమ్మ ఉన్నా, దాన్ని తిప్పి గోడవైపు పెట్టేస్తారు. ఇది మానండి, దీని బదులు ఇది వాడండి అంటే, "మా నాన్న వాడాడు, నేనూ వాడుతున్నాను" అంటారు. మీ నాన్న ఎలా ఉన్నారని అడగబోయి నాలుక కరుచుకుంటాను. చివరికి అందరూ అడిగేది ఒక్కటే. "ఎక్కడైనా నడుస్తోందా?"

నడుస్తోంది, మా మామయ్య దగ్గర అని చెబుతున్నాను. తొమ్మిది వర్క్‌షాపులు సరే అన్నాయి. జూన్ పన్నెండున అందర్నీ ఒక హాల్లో కూర్చోబెడుతున్నాం. ఆ రోజుకు ఒక చిన్న పుస్తకం అచ్చు వేస్తున్నాం. అందులో మొదటి కథ మీ షెడ్డుదే. మొదటి పేజీలో టబ్బు పక్కన నిలబడ్డ నీ ఫొటో. వద్దంటే ఊరుకోను.

రెండు పనులు చెయ్యాలి నువ్వు. ఒకటి, నీళ్ళు ఎంత వేడిగా ఉంచుతున్నావో రాయి. అరవై డిగ్రీలకు తగ్గకూడదని చెప్పాను గుర్తుందా? రెండు, దీంతో రెండు బిళ్ళలు పంపుతున్నాను. గాలిలో ఏముందో అవి పట్టుకుంటాయి. ఒకటి నువ్వు, ఒకటి ఏరే అమ్మాయి వారం రోజులు కాలరుకు పెట్టుకుని తిరిగి పంపండి. ఆ అమ్మాయి తలనొప్పికి గాలి కారణం కాదని రుజువైతే ఆ కాగితం కూడా పుస్తకంలో వేస్తాను.

నీ బడాయమ్మ


మెట్ల కింద గది,
ఏప్రిల్ 2

బడాయమ్మకు,

బిళ్ళలు పంపించాను. పెట్టుకున్నప్పుడు పూత మేస్త్రి చూసి, "ఏం పెద్దాయనా, ఈ వయసులో నీకు మెడల్ ఇచ్చారా?" అని నవ్వాడు. ఏరే అమ్మాయి ఊరుకోలేదు. "నీకు ఇవ్వలేదని ఏడుపా మేస్త్రీ? నీకిస్తే అది కూడా నికెల్ తొట్లో ముంచి అమ్ముకుంటావు" అంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి ఉంటే షెడ్డు మోగుతుంది.

నీళ్ళు సరిపడా వేడిగానే ఉంటాయి. నా వేళ్ళకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏ తొట్టి ఎలా ఉందో వేలు పెట్టే చెబుతున్నాను. మేస్త్రి కూడా నన్నే పిలుస్తాడు.

పుస్తకంలో మా షెడ్డు వద్దమ్మా. ఫొటో అసలే వద్దు. నాకు మొహమాటం. ఇంకెక్కడైనా బాగా జరిగింది ఉంటే అది వేసుకో. తొమ్మిదిమందికి ఒకేసారి చెప్పకుండా, ముందు ఒకరికి చెప్పి చూస్తే బాగుంటుందేమో. నాకేం తెలుసులే. చెప్పాననిపించుకుంటున్నాను.

మామయ్య


ఆఫీసు,
ఏప్రిల్ 24

అయ్యా,

మీ వర్క్‌షాపు నుంచి అందిన రెండు గాలి బిళ్ళల పరీక్ష పూర్తయింది. సరుకు ఏరే ఉద్యోగిని ధరించిన బిళ్ళలో, జనవరిలో మీ వర్క్‌షాపు నుంచి పూర్తిగా తొలగించినట్టు నమోదైన జిడ్డు తీసే ద్రావకం, అనుమతించిన హద్దుకు దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. టబ్బు వద్ద పనిచేసే మీరు ధరించిన బిళ్ళలో ఏమీ లేదు. ద్రావకం ఇంకా ఎక్కడినుంచి వస్తున్నదో పదిహేను రోజుల్లోగా తెలియజేయగలరు. లేనిపక్షంలో వర్క్‌షాపు యజమానిపై చర్యకు సిఫారసు చేయవలసి ఉంటుంది.

(మామయ్యా, పైది టైపు చేసి పంపక తప్పలేదు. ఫైల్లో పెట్టాలి. ఇది మాత్రం చేత్తో రాస్తున్నాను. నీ బిళ్ళలో ఏమీ లేదు అంటే నిజంగానే ఏమీ లేదు. షెడ్డులో ఉండాల్సిన నూనె ఆవిరి కూడా లేదు. అది షెడ్డు గడప తొక్కినట్టే లేదు. దాన్ని ఎక్కడ దాచావు? నీ బల్ల దగ్గర్నుంచి పది అడుగుల దూరంలో కూర్చునే అమ్మాయి మూడు రెట్లు పీలుస్తోంది.

నేననుకునేది చెబుతాను. ఓనరు నా ముందు సంతకం పెట్టి ఏడు డ్రమ్ములు ఎక్కించి, వెనకనుంచి మళ్ళీ తెప్పిస్తున్నాడు. నిన్ను నోరు మూసుకోమన్నాడు. నువ్వు భయపడి బిళ్ళ తీసి దాచావు. అందుకే పుస్తకం వద్దన్నావు. అంతేనా? నువ్వేం భయపడకు. ఆయన సంగతి మేం చూసుకుంటాం. నువ్వు ఊఁ అను చాలు. జీవితంలో ఒకసారైనా నీ ఊఁ పనికొస్తుంది.)


మెట్ల కింద గది,
మే 1

అమ్మా,

ఓనరు కాదు. ఆయన్ని ఏమీ అనకు. ఆయనకేమీ తెలియదు.

మిగతాది రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. చేతకావటం లేదు.

మామయ్య


రైల్వే స్టేషన్, రెండో ప్లాట్‌ఫారం బెంచీ,
మే 9

మామయ్యా,

ఓనరు కాకపోతే ఎవరు? పూత మేస్త్రా? ఆయన తొట్లకూ దీనికీ సంబంధం లేదు. ఏరే అమ్మాయి తన ముక్కు కింద తనే పోసుకుంటుందా? ఆ షెడ్డులో ఇంకెవరున్నారో నువ్వే చెప్పు.

నేనిప్పుడు ఒక తాళాల వర్క్‌షాపు నుంచి వస్తున్నాను. ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడుపుతున్నారు. మీ టబ్బు లాంటిదే చేయించుకున్నారు. పాత మందు డ్రమ్ములు బయట పెట్టి, "మీ మామయ్య గారి దగ్గర నడుస్తుంటే మాకెందుకు నడవదు?" అన్నారు. నాకు కాఫీ ఇచ్చారు. సగం తాగి లేచి వచ్చాను.

చిన్నప్పుడు నువ్వు పనినుంచి రాగానే నీ చొక్కాలో మొహం పెట్టి వాసన చూసేదాన్ని. తియ్యగా ఉండేది. మామయ్య వాసన అనుకునేదాన్ని. ఈ ఉద్యోగంలో చేరి, మొదటిసారి ఒక షెడ్డులో డ్రమ్ము మూత తీసినప్పుడు గుప్పున నువ్వు వచ్చావు. అది నీ వాసన కాదని నాకు అప్పుడు తెలిసింది. అప్పటినుంచీ ఎవరి షెడ్డులో డ్రమ్ము తీయించినా నీ చొక్కాలోంచి తీసినట్టే ఉండేది నాకు. ఇది నీకు చెప్పే అవసరం వస్తుందనుకోలేదు.

నీ ఉత్తరాలన్నీ బల్లమీద పక్కపక్కన పరిచాను. రెండేళ్ళ కిందటిది, పోయినేడుది, ఇప్పటివి. అక్షరం ఉత్తరానికీ ఉత్తరానికీ చెదిరిపోతోంది. కాగితం వెనక్కి తిప్పి తడిమితే కలం నొక్కిన చోట చిల్లులు. ఇది ఐదో తరగతి వల్ల వచ్చింది కాదు. ఏమైంది?

జూన్ పన్నెండులోగా నిజం రాయి. అబద్ధమైతే అబద్ధమని రాయి. నేను తొమ్మిదిమంది ముందు నిలబడాలి.

బడాయమ్మ అని రాయబుద్ధి కావటం లేదు.


మెట్ల కింద గది,
మే 16

అమ్మా,

నేనే.

ఆ మాట రాసి కాగితం తిరగేసి పెట్టి రెండు రోజులు బయటికి పోలేదు. ఇప్పుడు మిగతాది రాస్తాను. సాగదీసినా విసుక్కోకు.

నువ్వున్న రెండు రోజులూ టబ్బు బాగానే కడిగింది. నువ్వు వెళ్ళాక మొండికేసింది. బందులు పైకి శుభ్రంగానే కనబడేవి, పూత వేశాక నాలుగు రోజులకు పొక్కులు. రెండు పెట్టెలు వెనక్కి వచ్చాయని రాశాను కదా. రెండు కాదు, ఆరు. ఓనరు ఆ పెట్టెలు షెడ్డు మధ్యలో కుమ్మరించి, అందరూ వింటుండగా, "ఆవిడ పుస్తకం చూసి చెప్పి వెళ్ళిపోయింది, మనం ఇక్కడ మునుగుతున్నాం. సోమవారం ఈ టబ్బు తీసి బయట పారేస్తాను. ఆ ఆఫీసుకు కూడా రాస్తాను, ఇంకెవరి కొంపా ముంచకుండా" అన్నాడు. మేస్త్రి నావైపు చూశాడు. ఏరే అమ్మాయి నావైపు చూడకుండా తల తిప్పుకుంది. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

డ్రమ్ములు ఏడు అని రాసుకున్నావు నువ్వు. ఎనిమిదోది ఉంది. పనిముట్ల గదిలో గోతాల కింద, సగం డ్రమ్ము. దాచాలని దాచింది కాదు. నా చేతి అవసరానికి ఎప్పుడూ అక్కడ పెట్టుకునేవాడిని. లారీ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు "ఏడూ అయిపోయాయి" అని అంత సంతోషంగా కాగితం మీద గీత కొడితే, ఇంకొకటి ఉందని చెప్పలేకపోయాను.

ఆ శనివారం మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక, నీ టబ్బులో కడిగిన బుట్టలు ఆ గదిలోకి తీసుకెళ్ళి, గాలిమందులో ఒక్కసారి ముంచి తీశాను. పెట్టెలు వెనక్కి రావడం ఆగిపోయింది. సోమవారం ఓనరు టబ్బు జోలికి రాలేదు. ఒక్క వారం చేద్దామనుకున్నాను. నీ టబ్బు దారిలో పడేదాకా అనుకున్నాను. మూడు నెలలు కావచ్చింది. రోజూ మధ్యాహ్నం నేను తినకుండా ఆ గదిలో ఉన్నాను.

ఆ గదికి కిటికీ లేదు. తలుపు కింద సందు ఉంది. గడప మీద నీడ ఉంటుందని ఏరే అమ్మాయి రోజూ అక్కడే కూర్చుని తినేది. నాకు తెలుసు. దాని గాజుల చప్పుడు వినిపించేది. తెలియదని రాద్దామనుకున్నాను, కానీ తెలుసు.

మేస్త్రి నవ్విన ఐదు నిమిషాలకే నా బిళ్ళ తీసేసి, సబ్బుపెట్టెలో పెట్టి వారమంతా ఇంట్లో ఉంచాను. ఆ అమ్మాయిది మాత్రం తన కాలరుకే ఉంది. పెట్టుకోవద్దని చెబితే ఎందుకని అడుగుతుంది.

ఏప్రిల్ పదో తారీఖున ఆ అమ్మాయి లేవబోయి గడపమీదే పడిపోయింది. నేను గదిలోంచి వచ్చాను, చేతిలో తడి బుట్ట ఉంది. మేస్త్రి నీళ్ళు చల్లాడు. ఓనరు, "ఏమైంది?" అంటే నేను, "ఎండ" అన్నాను. అందరూ నమ్మారు. తక్కువ మాట్లాడేవాడి మాట జనం తొందరగా నమ్ముతారు. అది కళ్ళు తెరిచి, "బాబాయ్, బుట్ట కింద పెట్టు, చేతులు నొప్పెడతాయి" అంది నాతో.

అప్పుడే మానేశానని రాయాలని ఉంది, కానీ మానలేదు. ఇంకో పదిహేను రోజులు చేశాను. నీ టైపు కాగితం వచ్చిన రోజు ఆపాను. డ్రమ్ము అడుగున నాలుగు వేళ్ళ మందం మిగిలింది. మూత బిగించాను. మీ లారీని పంపు. ఆ నాటినుంచి పెట్టెలు మళ్ళీ వెనక్కి వస్తున్నాయి.

అమ్మా, చెప్పక తప్పదు. నీ సబ్బునీళ్ళు పనిచెయ్యవు. ఆ అక్కచెల్లెళ్ళకు చెప్పు. నీ పరువు కాపాడుదామనుకున్నాను. దాన్నే తీశాను.

మామయ్య


మీ షెడ్డు, నీ టబ్బు పక్కన స్టూలు,
మే 23

మామయ్యా,

నీకు జ్వరమని ఓనరు చెప్పారు. ఇంటికి వచ్చాను. తలుపు కొట్టాను. లోపల దగ్గావు. చాలాసేపు నిలబడ్డాను. నువ్వు రెండోసారి దగ్గకుండా ఆపుకున్నావు, అది కూడా తెలిసింది. సరేనని ఇక్కడికి వచ్చి నీ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. పోతూ తలుపు కింద తోసి వెళతాను.

డ్రమ్ము లారీ ఎక్కింది. ఓనరుకు అంతా చెప్పాను. ఆయన, "ఆ రోజు నేను అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. నేను ఆయన మీద సిఫారసు రాయబోయాను. తల ఎత్తి చూడలేకపోయాను.

ఇప్పుడు నా మాట జాగ్రత్తగా చదువు. నీళ్ళ వేడి రోజూ రాయమని నేను పెట్టి వెళ్ళిన నోటుబుక్కు చూశాను. జనవరి నుంచి మే దాకా రోజుకు రెండుసార్లు అరవై, అరవై, అరవై. ఒక్క రోజు యాభై తొమ్మిది లేదు, అరవై ఒకటి లేదు. టబ్బు పక్కన వేడి చూపించే ముల్లు చూశాను. ఈ ఉదయం మేస్త్రి, నువ్వు వేసినట్టే హీటరు వేసి, నువ్వు ఆపే వేళకే ఆపాడట. ముల్లు ముప్ఫై ఒకటి దగ్గర ఉంది. హీటరు చెడిపోలేదు. నేను మళ్ళీ వేసి అరవై వచ్చేదాకా కూర్చున్నాను. గంట పట్టింది. నలభై బందులు ముంచి తీశాను. కడిగితే నీళ్ళు ఎక్కడా చీలకుండా రేకంతా ఒకే పొరలా పరుచుకున్నాయి. జిడ్డు ఉంటే అలా నిలవవు, బొట్లు బొట్లుగా విడిపోతాయి. పూత వేయించాం. ఓనరు తన స్కూటరు తాళంచెవితో బరబరా గీకారు. ఊడలేదు.

నా సబ్బునీళ్ళలో తప్పు లేదు మామయ్యా. అక్కచెల్లెళ్ళ టబ్బు కూడా నడుస్తోంది. వాళ్ళు ముల్లు చూస్తారు.

నువ్వు నీ వేళ్ళకు తెలుసన్నావు. ముప్ఫై ఒకటి అంటే ఎండలో పెట్టిన బకెట్టు నీళ్ళు. అందులో వేలు పెడితే నీ వేళ్ళు నీకు ఏం చెప్పాయి?

ఏరే అమ్మాయి ఇవాళ కూడా వచ్చింది. "మీ మామయ్య ఎలా ఉన్నాడు?" అని అడిగింది. జ్వరమని మాత్రం అన్నాను. మిగతాది ఆమెకు చెప్పడం నా పని కాదు. ఆమెను పెద్దాసుపత్రికి పంపడం నా పని, పంపుతున్నాను. ఎందుకు పంపుతున్నానో నువ్వు చెప్పు.

పన్నెండుకు ఇంకా ఇరవై రోజులున్నాయి. పుస్తకం అచ్చుకు వెళ్ళలేదు.

మీ అక్క కూతురు


మెట్ల కింద గది,
జూన్ 3

అమ్మా,

తలుపు తీయనందుకు ముందు క్షమించు. నీ చెప్పులు తలుపు సందులోంచి కనబడ్డాయి. ఎడమదాని పట్టీ తెగితే దారంతో కట్టుకున్నావు. అది చూస్తూ కూర్చున్నాను, లేవలేకపోయాను.

నా వేళ్ళ సంగతి అడిగావు. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళయింది. ఇన్నేళ్ళు గాలిమందులో ముంచిన వేళ్ళు కదా, మొదట కొసలు తిమ్మిరెక్కేవి. తరవాత చొక్కా గుండీలు పట్టుబడటం మానేశాయి. తలమీదనుంచి తొడుక్కునే చొక్కాలు కొనుక్కున్నాను, నువ్వు కుర్రాడిలా ఉన్నావని నవ్వావు. తరవాత మంట మొదలైంది. ఏదీ ముట్టుకోకపోయినా వేళ్ళు మండుతూనే ఉంటాయి. చన్నీళ్ళలో పెట్టినా వేడినీళ్ళలో పెట్టినట్టే ఉంటుంది. టబ్బులో వేలు పెట్టగానే చుర్రుమనేది. వేడెక్కిందనుకుని హీటరు ఆపేసేవాడిని. అది నీళ్ళ వేడి కాదని నీ ఉత్తరం చదివాక తెలిసింది. నీ ఉత్తరం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కుండలో నీళ్ళు ముట్టుకున్నాను. అది కూడా కాలింది.

ముల్లు చూడమన్నావు. అంత చిన్న అంకెలు నాకు కనబడవు. కనబడటం లేదని అంటే కళ్ళజోడు అంటావు, కళ్ళజోడు పెట్టుకుంటే చెయ్యి కూడా ఎందుకు వణుకుతోందని అడుగుతావు. ఒకటి ఒప్పుకుంటే అన్నీ బయటపడతాయి. షెడ్డులో నేనంటే నా వేళ్ళే కదమ్మా. మాట రానివాడిని, చదువు రానివాడిని. మేస్త్రి పెద్దాయనా అని పిలిచేది వేలు పెట్టి చెబుతానని. అది పోయిందంటే నన్నెందుకు పిలుస్తారు? అందుకని అరవై అని రాశాను. నువ్వు చెప్పిన అంకె అదే కదా, అది రాస్తే నీకు సంతోషమనుకున్నాను.

సోమవారం పనికి వెళ్ళాను. ఏరే అమ్మాయి దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. అది సరుకు ఏరుతూ, "ఏం బాబాయ్, జ్వరం తగ్గిందా? అలా స్తంభంలా నిలబడ్డావేంటి, కూర్చో" అంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గది సంగతి, తలుపు సందు సంగతి, ఎండ అని అన్న సంగతి. గాజుల చప్పుడు వినబడేదని కూడా చెప్పాను.

దాని చేతిలో బందు అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. దాని నోరు నీకు తెలుసు. అది బందు కింద పెట్టి, "ఎండ అన్నావు కదా బాబాయ్" అంది. అంతే.

నేను కదల్లేదు. మళ్ళీ తనే మాట్లాడింది. "నాలుగు నెలలుగా మా ఇంట్లో నా మాట ఎవరూ నమ్మటం లేదు. తలనొప్పంటే పని ఎగ్గొట్టే నాటకం అంటోంది మా అత్త. మా ఆయన ముందు నవ్వేవాడు, ఇప్పుడు నవ్వడం కూడా మానేశాడు. పడిపోయిన రోజు కూడా, 'ఎండేగా, ఊళ్ళో అందరికీ లేదా ఎండ?' అన్నాడు. నాక్కూడా నాటకమేమో అనిపించింది ఒకోసారి. నువ్వొచ్చి చెప్పు వాళ్ళకి. నాకు చెప్పినట్టే, నిలబడి."

నేను ఎవరింటికీ వెళ్ళేవాడిని కాదు, నీకు తెలుసు. పని వదిలాక దాని వెనకే నడిచాను. దారిపొడవునా అది నాతో మాట్లాడలేదు. అది మాట్లాడకుండా నడవడం నేను చూడలేదు ఇంతవరకూ. వాళ్ళది మేడమీద వాటా. వాళ్ళ అత్తగారు పెద్దాయన వచ్చాడని కుర్చీ వేసింది. కూర్చోకుండా చెప్పాను. "మీ కోడలు నాటకం ఆడలేదమ్మా. నేను ఆడాను" అన్నాను. మిగతాది ఏరే అమ్మాయే చెప్పింది. నేను ఊఁ ఊఁ అంటూ నిలబడ్డాను. వాళ్ళాయన లేచి నా మీదికి వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. నన్ను దాటి వెళ్ళి దానికి నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. వాళ్ళత్త కుర్చీ తీసేసింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

నిన్న అది ఆసుపత్రికి వెళ్ళి వచ్చింది. ఆ గాలికి దూరంగా ఉంటే చాలావరకు కోలుకుంటుందని చెప్పారట, మళ్ళీ నెలకు రమ్మన్నారట. ఇవాళ ముల్లు ఆ అమ్మాయే చూసి నాకు గట్టిగా అరిచి చెప్పింది. "అరవై! విన్నావా, అరవై! రాసుకో." బాబాయ్ అనలేదు. ఎప్పటికైనా అంటుందో లేదో తెలియదు.

ఇక పన్నెండో తారీఖు సంగతి. పుస్తకంలో మా షెడ్డు కథ వేసుకో. జరిగింది జరిగినట్టు వెయ్యి. ఎనిమిదో డ్రమ్ము వెయ్యి, తలుపు సందు వెయ్యి. పెద్దాయన వేలు పెట్టి చూసి అరవై అన్నాడని వెయ్యి. తొమ్మిది షెడ్లలో నాలాంటివాడు ఒక్కొక్కడు ఉంటాడు, టబ్బు దగ్గరకు ఎవర్నీ రానివ్వడు, తక్కువ మాట్లాడతాడు, అతని వేళ్ళంటే అందరికీ నమ్మకం. ముందు అతన్ని పిలిచి గుండీ పెట్టుకోమని అడగమని వాళ్ళకు చెప్పు. పెట్టుకోలేకపోతే తిట్టొద్దని చెప్పు. ఫొటో కావాలంటే తీసుకో. నేను హాల్లోకి వస్తాను. మాట్లాడలేను గానీ, నువ్వు చెబుతుంటే వెనక వరసలో నిలబడతాను. ఎవరైనా "ఆ ముసలాయన ఎవరు?" అంటే చూపించు.

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కలానికి గుడ్డ చుట్టి వేళ్ళకు కట్టుకున్నాను. ఈ వేళ్ళు ఏ డాక్టరుకు చూపించాలో నాకు తెలియదు. నువ్వు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వస్తాను.

ఇంకొకటి. పెట్టెలో ఉన్న పాత చొక్కాలన్నీ తీసి ఉతికాను, రెండుసార్లు. తీగమీద ఆరేశాను. ఆ వాసన పోయిందో లేదో నాకు తెలియటం లేదు, నా ముక్కు మీద కూడా నమ్మకం లేదిప్పుడు. నువ్వే వచ్చి చూసి చెప్పాలి. వస్తావో రావో రెండు ముక్కలు రాయి. తిడుతూ రాసినా సరే. పోస్టుమాను పదకొండింటికి వస్తాడు, తలుపు తెరిచి పెట్టి మెట్టుమీదే కూర్చుంటున్నాను. తొందరగా జవాబు రాయి అమ్మా.

మామయ్య